కళ్ళు పచ్చబడినప్పుడు: పైత్యరస నాళపు క్యాన్సర్, స్కాన్ పరీక్షలు



కామెర్లు ఒక వ్యాధి కాదు. అనేక వ్యాధులకు ఉమ్మడి గుర్తు. ఈ చిన్న భేదం తెలియకపోవడం వల్ల ఈ నగరంలోని తెలుగు కుటుంబాలు పోగొట్టుకునే కాలం తక్కువేమీ కాదు. కొరుక్కుపేటలోనైనా, వ్యాసర్పాడిలోనైనా, పాత మహాబలిపురం రోడ్డు వెంబడి కట్టడాల పనులు సాగే చోట్లనైనా, ఒకరి కళ్ళు పచ్చబడ్డాయనగానే మొదట వినిపించే మాట పసరు మందు. తెలుగువారు నేల ఉసిరి అనే మొక్కనే తమిళులు కీళానెల్లి అంటారు. భాషలు రెండు, మొక్క ఒకటే, నమ్మకమూ ఒకటే. కొందరు పసరు తాగుతారు, కొందరు కంట్లో పిండించుకుంటారు, ఇంకా కొన్ని ఊళ్ళలో వాతలు కూడా పెడతారు.

ఈ నమ్మకం ఇంతకాలం నిలవడానికి కారణం లేకపోలేదు. కలుషితమైన నీటి ద్వారా సోకే హెపటైటిస్ ఏ, ఈ వైరస్‌ల వల్ల వచ్చే కామెర్లు చాలామందిలో కొన్ని వారాలకు వాటంతట అవే తగ్గిపోతాయి. పసరు తాగినా తగ్గుతాయి, తాగకపోయినా తగ్గుతాయి. కీర్తి మాత్రం పసరుకు దక్కుతుంది. చిక్కు ఎక్కడ వస్తుందంటే, అదే పచ్చదనం అడ్డంకి వల్ల వచ్చినప్పుడు. పైత్యరసం ప్రవహించే గొట్టం మూసుకుపోయి కళ్ళు పచ్చబడిన మనిషికి ఏ ఆకూ ఆ గొట్టాన్ని తెరవలేదు. ఆ గొట్టం లోపలి గోడనుంచి పుట్టే క్యాన్సర్ గురించి, దాన్ని స్కాన్ పరీక్షలు ఎలా పట్టిస్తాయో, ఎక్కడ పట్టించలేవో వివరించడమే ఈ ప్రసంగ విషయం.

కాలేయం రోజుకు సుమారు అర లీటరు నుంచి లీటరు వరకు పైత్యరసాన్ని తయారు చేస్తుంది. చెట్టు ఆకుల ఈనెలు కలిసి కాడగా మారినట్లు, కాలేయంలోని సన్నని నాళాలు కలిసి కుడి ఎడమ శాఖలై, కాలేయ ద్వారం దగ్గర ఒకటై, పిత్తాశయం నుంచి వచ్చే నాళాన్ని కలుపుకొని, క్లోమగ్రంథి వెనుకగా దిగి, చిన్నప్రేవు మొదటి భాగమైన ఆంత్రమూలంలో తెరుచుకుంటాయి. ప్రధాన నాళం వెడల్పు మామూలుగా 6 మిల్లీమీటర్ల లోపు. వయసుతోను, పిత్తాశయం తీసివేసిన వారిలోను కొంత పెరుగుతుంది. ఈ దారిలో క్యాన్సర్ మూడు చోట్ల పుట్టవచ్చు: కాలేయం లోపల, కాలేయ ద్వారం వద్ద, కింది భాగంలో. వీటిలో కాలేయ ద్వారం వద్ద పుట్టేదే ఎక్కువ. అమెరికా వైద్యుడు జెరాల్డ్ క్లాట్‌స్కిన్ 1965లో దీన్ని ప్రత్యేకంగా వర్ణించినందున, నేటికీ రిపోర్టులలో క్లాట్‌స్కిన్ ట్యూమర్ అనే మాట కనిపిస్తుంది.

లక్షణాలు చాలా సాధారణమైనవి. నొప్పి లేకుండా పచ్చబడే కళ్ళు, ముదురు రంగు మూత్రం, సున్నపు రంగుకు తిరిగిన మలం, ఆకలి తగ్గడం, బరువు తగ్గడం, ఒళ్ళంతా దురద. ఈ దురద గురించి ఒక మాట. చర్మం మీద ఏ పొక్కూ లేకుండా రాత్రిళ్ళు నిద్ర పట్టనివ్వని దురద కొందరిలో కళ్ళు పచ్చబడకముందే మొదలవుతుంది. రోగి చర్మవైద్యుని దగ్గరకు వెళతాడు, పూత మందు తెచ్చుకుంటాడు, నెల గడుస్తుంది. తమిళంలో దురదను అరిప్పు అంటారు. ఓపీ వరుసలో ఆ ఒక్క మాట చెప్పగలిగినా మేలే. కామెర్లను మంజళ్ కామాలై అంటారు. మన కామెర్లకు, వారి కామాలైకి మూలం ఒకే సంస్కృత పదం గనుక గుర్తుంచుకోవడం కష్టం కాదు.

ఇంకొక మోసం ఉంది. నాళం ఆంత్రమూలంలో తెరుచుకునే ముఖద్వారం వద్ద పుట్టే క్యాన్సర్‌లో కామెర్లు కొన్నాళ్ళు తగ్గి మళ్ళీ పెరగవచ్చు. కణితి కొంత రాలిపోయి దారి తాత్కాలికంగా తెరుచుకోవడం దీనికి కారణం. ఆ తగ్గిన వారం పసరు తాగిన వారమే అయితే, ఆ కుటుంబాన్ని ఆసుపత్రికి రమ్మని ఒప్పించడం ఎవరి తరమూ కాదు.

ఇక స్కాన్ల సంగతి. ఈ క్యాన్సర్ తరచుగా గడ్డలా కాక, గోడ వెంబడి పాకుతూ నాళాన్ని బిగిస్తుంది. కాబట్టి చాలాసార్లు స్కాన్‌లో మొదట కనిపించేది క్యాన్సర్ కాదు, దాని పర్యవసానం. చెన్నైవాసులకు కూవం నది ముఖద్వారం తెలిసినదే. అక్కడ ఇసుక మేట వేస్తే నీరు వెనక్కు నిలిచి, ఎగువన నది ఉబ్బుతుంది. నాళంలోనూ అంతే. అడ్డంకికి ఎగువన పైత్యరసం నిలిచి నాళాలు ఉబ్బుతాయి; దిగువన మామూలుగా ఉంటాయి. ఉబ్బు ఎక్కడ ఆగిందో చూస్తే అడ్డంకి ఎక్కడుందో తెలుస్తుంది.

ఆ ఉబ్బును చూపించే తొలి పరీక్ష అల్ట్రాసౌండ్. ఖర్చు తక్కువ, వికిరణం లేదు, చిన్న ఆసుపత్రిలోనూ దొరుకుతుంది. పిత్తాశయం నిండి కనిపించడానికి సుమారు 6 గంటలు ఏమీ తినకుండా వెళ్ళాలి. టీ తాగి వెళ్ళేవారే ఎక్కువ, అప్పుడు పిత్తాశయం ముడుచుకుపోతుంది. నాళాలు ఉబ్బాయా లేదా అన్న ప్రశ్నకు అల్ట్రాసౌండ్ చక్కగా జవాబిస్తుంది. నాళం కింది భాగాన్ని మాత్రం ప్రేవులలోని గాలి కప్పివేస్తుంది. అందువల్ల "రాయి కనబడలేదు, గడ్డ కనబడలేదు" అన్న రిపోర్టు ఏమీ లేదన్న అర్థం ఇవ్వదు. నాళాలు ఉబ్బి ఉండి కారణం కనబడకపోతే, కారణాన్ని వెతకవలసిన బాధ్యత అక్కడే మొదలవుతుంది.

రెండవది సీటీ స్కాన్. చేతి నరం ద్వారా అయోడిన్ ఉన్న మందు ఎక్కించి, క్షణాల తేడాతో పలుమార్లు చిత్రాలు తీస్తారు. పీచుకణజాలం ఎక్కువగా ఉండే ఈ క్యాన్సర్ ఆ మందును ఆలస్యంగా పీల్చుకొని, చుట్టుపక్కల భాగాలు వెలవెలబోయాక తాను మెరుస్తుంది. అందుకే చివరి దశ చిత్రాలు కూడా అవసరం. కాలేయానికి రక్తం తెచ్చే ధమని, సిర ఈ కణితిలో చిక్కుకున్నాయా, లింఫు గ్రంథులు పెరిగాయా, కాలేయంలో మచ్చలు ఉన్నాయా, ఇవన్నీ సీటీ చెబుతుంది; శస్త్రచికిత్స సాధ్యమా కాదా అన్నది వీటి మీదే ఆధారపడుతుంది. మందు ఎక్కించే ముందు మూత్రపిండాల పనితీరుకు క్రియాటినిన్ పరీక్ష చేస్తారు. ఆ రక్తపరీక్షను డబ్బు గుంజే వేషమని అనుకోకూడదు.

మూడవది ఎంఆర్‌సీపీ. అయస్కాంత క్షేత్రంతో చేసే ఎంఆర్ఐలో ఇదొక పద్ధతి. 1990ల ఆరంభం నుంచి వాడుకలోకి వచ్చింది. నిలకడగా ఉన్న ద్రవం తెల్లగా, మిగిలినదంతా నల్లగా కనబడేలా చేస్తుంది కాబట్టి పైత్యరసమే సిరా అయి తన దారి పటాన్ని తానే గీసుకుంటుంది. నాళాల చిత్రానికి ఏ మందూ ఎక్కించనక్కరలేదు, వికిరణం లేదు. కాలేయ ద్వారం వద్ద అడ్డంకి కుడి శాఖలోకి ఎంత దూరం పాకింది, ఎడమ శాఖలోకి ఎంత దూరం పాకింది అన్నది శస్త్రవైద్యునికి చూపే మార్గదర్శి ఇదే. పేస్‌మేకర్ ఉన్నవారు, ఒంట్లో లోహపు భాగాలు అమర్చుకున్నవారు ముందే చెప్పి తీరాలి.

ఈ పరీక్షలో భాషకు ఉన్న పాత్ర చాలామంది గుర్తించనిది. ఊపిరి కదిలితే కాలేయం కదులుతుంది, కాలేయం కదిలితే చిత్రం చెదురుతుంది. కొన్ని మిల్లీమీటర్ల నాళంలో చెదిరిన చిత్రం దాదాపు నిరుపయోగం. యంత్రం లోపల ఉన్న రోగికి బయటనుంచి వినిపించే ఆజ్ఞలు తమిళంలోనో, రికార్డు చేసిన ఇంగ్లీషులోనో ఉంటాయి. శ్రీకాకుళం నుంచి నిన్న మొన్న వచ్చిన తాపీ మేస్త్రీకి అవి అర్థం కావు. భయంతో గట్టిగా ఊపిరి తీస్తూనే ఉంటాడు. మూచ్చు అంటే ఊపిరి. "మూచ్చ ఇళుత్తు పిడింగ" అంటే గాలి పీల్చి పట్టి ఉంచమని. "మూచ్చు విడుంగ" అంటే వదలమని. ఈ రెండు వాక్యాలు ఇంట్లోనే పదిసార్లు అలవాటు చేసుకొని వెళ్ళడం పెద్ద పని కాదు. వినికిడి తక్కువైన పెద్దవారైతే సిబ్బందికి ముందే చెప్పాలి. యంత్రం చేసే మోత మామూలుది కాదు.

స్కాన్ ముందా, స్టెంట్ ముందా అన్న ప్రశ్న ఈ మొత్తం వ్యవహారంలో కుటుంబాలు తప్పక తెలుసుకోవలసినది. గొంతు ద్వారా గొట్టం పంపి, ఆంత్రమూలం నుంచి నాళంలోకి చేరి, మూసుకున్న చోట సన్నని గొట్టం అమర్చే ప్రక్రియ ఈఆర్‌సీపీ. కర్నూలు వైద్య కళాశాలలో ఎంబీబీఎస్, మద్రాసు వైద్య కళాశాలలో ఎండీ చదివి, హైదరాబాదులో ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీని నెలకొల్పి, 2025లో పద్మవిభూషణ్ అందుకున్న డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి పేరు ఈ విద్యలో ప్రపంచమంతా తెలుసు. స్టెంట్ పడగానే కామెర్లు తగ్గుముఖం పడతాయి, దురద పోతుంది; అందువల్ల ఇంట్లోవారు ముందు అదే చేయించమని తొందరపెడతారు. కానీ స్టెంట్ పడిన తరువాత ఉబ్బిన నాళాలు అణగిపోతాయి, గోడ వాచి మందమవుతుంది. వాపు ఏదో, క్యాన్సర్ ఏదో ఆ తరువాతి చిత్రాలలో విడదీయడం కష్టమవుతుంది. కాబట్టి సాధ్యమైనంతవరకు సీటీ, ఎంఆర్‌సీపీ ముందు, స్టెంట్ తరువాత. దీనికి ఒక మినహాయింపు ఉంది: చలితో కూడిన జ్వరం వచ్చిందంటే నాళంలో చీము చేరుతున్నదని అనుమానించాలి. అప్పుడు అడ్డు తొలగించడం అత్యవసరం, చిత్రాల కోసం ఆగడానికి లేదు. "స్కాన్ పూర్తయిందా, ఇంకా కావాలా?" అని స్టెంట్‌కు ముందు వైద్యుని అడగడం ధిక్కారం కాదు.

అంత స్పష్టమైన చిత్రం కూడా తీర్పు కాదు. క్యాన్సర్‌లా కనిపించి క్యాన్సర్ కానివి ఉన్నాయి. రాళ్ళవల్ల ఏర్పడిన మచ్చ నాళాన్ని బిగించవచ్చు. క్షయవ్యాధితో పెరిగిన గ్రంథి బయటినుంచి నొక్కవచ్చు. ఐజీజీ4 అనే ప్రతిరక్షకానికి సంబంధించిన వాపు అచ్చం క్యాన్సర్‌లా కనిపించి, స్టీరాయిడ్ మందులకు కరిగిపోతుంది. సీఏ 19-9 అనే రక్తపరీక్ష కూడా ఉత్త అడ్డంకికే పెరుగుతుంది. మరోవైపు కొందరి శరీరాలు పుట్టుకతోనే ఆ పదార్థాన్ని తయారు చేయవు, క్యాన్సర్ ఉన్నా వారిలో అది పెరగదు. అందుకే ఈఆర్‌సీపీలో బ్రష్‌తో కణాలు సేకరించడం, ఎండోస్కోపీ అల్ట్రాసౌండ్‌తో సూది పరీక్ష చేయడం. బ్రష్ పరీక్షలో క్యాన్సర్ కణాలు చిక్కకపోవడం తరచుగా జరిగేదే కనుక, ఒకసారి లేదని వచ్చినంత మాత్రాన అనుమానం తొలగిపోదు. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందని సామెత. రేడియాలజిస్టుకు ఆ సౌకర్యం లేదు. నీడలో నీడను విడదీసి చెప్పాలి. రిపోర్టు చివర ఇంప్రెషన్ అని ఉండేది అభిప్రాయం. దాని కింద క్లినికల్ కోరిలేషన్ అని రాస్తే, రోగిని చూసిన వైద్యుడు తన పరిశీలనతో కలిపి నిర్ణయించాలని అర్థం. ఐహెచ్‌బీఆర్‌డీ అంటే కాలేయం లోపలి నాళాలు ఉబ్బాయని. స్ట్రిక్చర్ అంటే ఇరుకు. ఈ రెండింటిలో ఏది కనబడినా, ఆ కాగితాన్ని మడిచి పెట్టెలో దాచకూడదు.

ఈ నగరానికి ఈ శాస్త్రంతో పాత సంబంధమే ఉంది. రాంట్‌జెన్ 1895లో ఎక్స్‌రేను కనుగొన్నాడు. 1924లో అమెరికాలో గ్రాహం, కోల్ అనే ఇద్దరు వైద్యులు పిత్తాశయాన్ని తొలిసారి ఎక్స్‌రేలో కనబడేలా చేశారు. మరో పదేళ్ళకు, 1934లో, సెంట్రల్ స్టేషను ఎదుటి జనరల్ ఆసుపత్రిలో బర్నార్డ్ రేడియాలజీ సంస్థ వెలిసింది. 1953 వరకు ఆంధ్ర జిల్లాలకూ రాజధాని మద్రాసే.

ఆ దశాబ్దాలలోనే ప్రపంచంలో ఒక విషాదం జరిగింది. చిత్రాలు స్పష్టంగా రావాలని 1930ల నుంచి పలు దేశాలలో థోరోట్రాస్ట్ అనే మందు ఎక్కించేవారు. అందులో ఉన్నది థోరియం. అది కాలేయంలో జీవితాంతం నిలిచిపోయి లోలోపల వికిరణం వెదజల్లింది. రెండు మూడు దశాబ్దాల తరువాత ఆ రోగులలో కాలేయ క్యాన్సర్లు, పైత్యరస నాళపు క్యాన్సర్లు బయటపడ్డాయి. వ్యాధిని చూపవలసిన మందే వ్యాధిని నాటింది. 1950లలో దాని వాడకం ఆగింది. నేడు సీటీలో వాడే అయోడిన్ మందు మూత్రపిండాలు బాగుంటే దాదాపు ఒక రోజులో మూత్రంలో బయటకు పోతుంది. దానికి, దీనికి పోలిక లేదు. అయినా అక్కరలేని సీటీ అక్కరలేనిదే.

ఈ మాట చెప్పవలసి రావడానికి కారణం మాస్టర్ హెల్త్ చెకప్ మోజు. ఏ లక్షణమూ లేని మనిషి ఈ క్యాన్సర్ కోసం ఏటా ఒళ్ళంతా స్కాన్ తీయించుకోవాలని వైద్యశాస్త్రం చెప్పడం లేదు. థాయిలాండ్ ఈశాన్య ప్రాంతంలో మాత్రం పరిస్థితి వేరు. అక్కడ పచ్చి చేపల ద్వారా కాలేయంలోకి చేరే ఒక పురుగు వల్ల ఈ క్యాన్సర్ ప్రపంచంలోనే అత్యధికం. ఖోన్ కేన్ విశ్వవిద్యాలయం 2013 నుంచి గ్రామగ్రామాన అల్ట్రాసౌండ్ పరీక్షలు నడుపుతోంది. చేపలను పులుసుగానో వేపుడుగానో ఉడికించి తినే మన వంటకు ఆ బెడద లేదు. పుట్టుకతో నాళపు తిత్తి ఉన్నవారు, కాలేయం లోపలి నాళాలలో రాళ్ళు ఉన్నవారు, నాళాలు క్రమంగా మచ్చకట్టే దీర్ఘవ్యాధి ఉన్నవారు, హెపటైటిస్ బీ, సీ లేదా సిరోసిస్ ఉన్నవారు మాత్రం వైద్యుని సలహాపై గడువు ప్రకారం పరీక్షలు చేయించుకోవాలి.

ఇంకొక వర్గం గురించి చెప్పక తప్పదు. జపాన్‌లోని ఒసాకాలో ఒక్క అచ్చుశాలలోనే 17 మంది కార్మికులకు ఈ క్యాన్సర్ వచ్చినట్లు తేలింది. వారిలో చాలామంది 50 ఏళ్ళు నిండనివారు. గాలి ఆడని గదిలో ఆఫ్‌సెట్ యంత్రాల సిరా తుడవడానికి వాడిన 1,2-డైక్లోరోప్రోపేన్ అనే ద్రావకం దీనికి మూలం. 2014లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. అచ్చుపనితో తెలుగువారికి ఈ నగరంలో తరతరాల బంధం ఉంది. ప్రెస్‌లలో, రంగుల పనిలో ఉన్నవారు డబ్బా మీద రాసినది ఒకసారి చదవాలి. గది కిటికీ తెరిచి ఉంచాలి. వైద్యుని దగ్గరకు వెళితే చేసే పని ఏమిటో అడగకపోయినా చెప్పాలి.

స్కాన్ కోసం ఎక్కడికి వెళ్ళాలన్నది చివరి విషయం. కళ్ళు పచ్చబడిన వారంలోనే దగ్గరలోని కార్పొరేషన్ పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి, రక్తపరీక్ష, అల్ట్రాసౌండ్ కోసం అడగాలి. నాళాలు ఉబ్బినట్లు తేలితే రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి, ఉత్తర చెన్నైవారికి స్టాన్లీ, ఓమందూరార్ ఎస్టేట్‌లోని ప్రభుత్వ బహుళ ప్రత్యేక వైద్యశాల వంటి పెద్ద ఆసుపత్రులకు పంపుతారు. ముత్తులక్ష్మి రెడ్డి కృషితో 1954లో మొదలైన అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ సంగతి ఈ నగరంలో తెలియనివారు ఉండరు. తమిళనాడు ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా పథకం కింద చికిత్సతోపాటు కొన్ని రోగనిర్ధారణ పరీక్షలకూ సాయం అందుతుంది. ఆరు నెలలకు పైగా ఈ రాష్ట్రంలో ఉంటున్న ఇతర రాష్ట్రాలవారికీ, తగిన అధికారి ధ్రువపత్రంతో, ఇందులో చోటుంది. ఆంధ్రప్రదేశ్ కార్డు ఉన్నవారికి మరొక దారి ఉంది. 2019 నవంబరులో ఆ రాష్ట్రం ఆరోగ్యశ్రీని చెన్నైలోని కొన్ని ఆసుపత్రులకూ విస్తరించింది. ఇప్పుడు ఆ పథకం ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తోంది. జాబితాలో ఆసుపత్రి పేరు ఇంకా ఉందో లేదో చేరే ముందే ఆరోగ్యమిత్ర దగ్గర కనుక్కోవాలి.

ఊరికి వెళ్ళి మళ్ళీ నగరానికి వచ్చే మధ్యలో స్కాన్ కాగితాలు తప్పిపోవడం వలస కుటుంబాలలో మామూలు. కాగితపు రిపోర్టు ఒక్కటే చాలదు. చిత్రాలు ఉన్న ఫిల్ములు, సీడీ అడిగి తీసుకోవాలి. వాటిమీద తేదీ, స్టెంట్‌కు ముందు తీసినదా తరువాత తీసినదా అన్నది పెన్నుతో రాసి, అన్నీ ఒకే సంచిలో పెట్టి, రోగితోపాటే పంపాలి.